పదో వచనం దాకా చదవలేదు

ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలోని ఎనిమిది, తొమ్మిది వచనాలు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. రక్షణ కృప చేత, విశ్వాసం ద్వారా కలుగుతుందనీ, అది దేవుడిచ్చే వరమేగాని మన క్రియల వల్ల వచ్చింది కాదనీ, అందుకే ఎవరూ అతిశయపడే వీల్లేదనీ పౌలు అక్కడ రాశాడు. నా బైబిల్లో ఆ రెండు వచనాల కింద ఎర్ర పెన్సిల్ గీత ఉండేది. ఆ గీత తొమ్మిదితో ఆగిపోయింది. పదో వచనం కూడా ఆ పేజీలోనే, ఆ వెంటనే ఉంది. మనం మంచి పనులు చేయడానికే క్రీస్తులో సృష్టింపబడ్డామనీ, ఆ పనులను దేవుడే ముందుగా సిద్ధపరిచాడనీ చెప్పే వచనం అది. నేను దాన్ని చదవకపోలేదు. కళ్లు దాని మీదుగా పోయేవి, మనసు మాత్రం తొమ్మిదో వచనం చివరే ఆగిపోయేది. బైబిలు చదివే ప్రతివాళ్లకూ ఇలా ఆగిపోయే చోట్లు కొన్ని ఉంటాయి. మీవి ఎక్కడున్నాయో మీరే చూసుకోండి.

మాది గుంటూరు జిల్లాలో లూథరన్ కుటుంబం. అమెరికా నుంచి ఫాదర్ హేయర్ 1842లో గుంటూరు వచ్చి మొదలుపెట్టిన పని, 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘమైంది. మా తాత ముత్తాతలు ఆ సంఘంలోనే బాప్తిస్మం పొందారు, ఆ బడుల్లోనే అక్షరాలు దిద్దారు. నేను హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. శనివారం సాయంత్రం మా పేటలో ప్రార్థన కూడిక జరిపేవాణ్ణి, ఆదివారం సండే స్కూల్లో చెప్పేవాణ్ణి. ముప్ఫై ఏళ్లు నిండకముందే వాక్యం బాగా చెబుతాడన్న పేరు వచ్చింది. ఆ పేరు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

మా స్కూల్లో లెక్కల మాస్టారిది ఫిరంగిపురం, కథోలిక్కు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారేజీలు విప్పుకోగానే మా ఇద్దరికీ వాదన మొదలయ్యేది. ట్రెంట్ మహాసభ 1547లో విశ్వాసం ఒక్కటే చాలన్నవాళ్లను శపించింది కదా, దానికేమంటారని నేను. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో క్రియలు లేని విశ్వాసం మృతమని ఉంది కదా, దానికేమంటారని ఆయన. యాకోబు పేరెత్తితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. లూథరే 1522లో తన కొత్త నిబంధన ముందుమాటలో ఆ పత్రికను గడ్డితో పోల్చాడు కదండీ అనేవాణ్ణి. తర్వాతి ముద్రణల్లో లూథర్ ఆ మాట తీసేశాడన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా నేను వెతకలేదు. గెలవడానికి ఎంత కావాలో అంతే చదివేవాణ్ణి. మాస్టారు గొంతు పెంచకుండా, "పండితులుగారూ, మేమూ కృప అనే అంటున్నామండీ, మీరు వినిపించుకోవడం లేదు," అని పెరుగన్నం కలుపుకొనేవారు. నేను నిజంగానే వినిపించుకోలేదు.

ఈ వాదనలతో ఎవరికీ పెద్ద నష్టం జరగలేదు. నష్టం జరిగింది మా మేనత్తకి.

అత్తయ్య చిన్నవయసులోనే భర్త పోయిన మనిషి. ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. పిల్లల్లేరు. మా ఇంటి పక్క వాటాలోనే ఉండేది. మన తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం ఆనవాయితీ ఎరిగిందే కదా. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం దేవుడికని తీసి పక్కన పోస్తుంది, ఆదివారం గుడికి తెస్తుంది. అత్తయ్య దానికి ఒక పాత డాల్డా డబ్బా పెట్టుకుంది. అయితే బుధవారమో గురువారమో ఆ డబ్బా ఖాళీ అయ్యేది. వెనక వీధిలో ఒక రిక్షా అతను టీబీతో మంచం పట్టాడు, ఆ బియ్యం ఆ ఇంటికి వెళ్లేవి. మళ్లీ శనివారం రాత్రి తన బస్తాలోంచి తీసి, గుడికి తక్కువ కాకుండా డబ్బా నింపేది. ఆ సంగతి ఎవరికీ చెప్పేది కాదు. పక్క వాటా కాబట్టి నా కంటబడింది.

కంటబడ్డాక నేను చేసిందేమిటంటే, ఆమెకు వాక్యం చెప్పాను. "అత్తా, బియ్యంతో పరలోకం రాదు," అన్నాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూనే, "బియ్యం వాళ్ల అన్నానికిరా అబ్బాయ్, పరలోకానికి కాదు," అంది. ఆ ఒక్క మాటలో ఎంత సరైన జ్ఞానం ఉందో నాకు అందలేదు. అత్తయ్యకి సిద్ధాంతం తెలియదు, నేర్పాలి అనుకున్నాను.

నేర్పాను కూడా. మా శనివారం కూడికలో రక్షణ నిశ్చయత అన్న అంశం మీద వరసగా పాఠాలు చెప్పాను. పాఠం చివర నిశ్చయత ఉన్నవాళ్లు చెయ్యెత్తండి అనేవాణ్ణి. అత్తయ్య చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయేది. ఒకసారి సాక్ష్యం చెప్పమంటే లేచి, తనకు వాక్యం అంతగా తెలియదనీ, చేతనైంది చేస్తున్నాననీ, మిగతాది ఆయన చూసుకుంటాడనీ చెప్పి కూర్చుంది. నేను ఊరుకోలేదు. అందరి ముందూ, చేతనైంది చేయడం రక్షణ కాదనీ, మన విశ్వాసం నిలకడగా ఉందా లేదా అన్నదే లెక్కనీ, సందేహించేవాడికి ప్రభువు దగ్గర ఏమీ దొరకదనీ చెప్పాను. ఆ చివరి మాట యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలోది. రెండో అధ్యాయాన్ని గడ్డి అని కొట్టిపారేసిన నేనే, మొదటి అధ్యాయాన్ని మాత్రం మా అత్తయ్య మీదికి ఎత్తాను. అక్కడ యాకోబు చెబుతున్నది జ్ఞానం కోసం అడిగేటప్పటి సంగతి. ఆ సందర్భం కూడా వదిలేశాను.

ఆ తర్వాత కొన్నేళ్లకి ఆమెకు కడుపులో పుండు బయటపడింది. అది క్యాన్సరని తేలేసరికి ఆలస్యమైంది. చివరి నెలల్లో మా ఇంటి ముందుగదిలోనే మంచం వేశాం. రాత్రిళ్లు నేనూ నా భార్యా వంతులేసుకొని కూర్చునేవాళ్లం.

ఒక రాత్రి నొప్పి మాత్ర పడ్డాక కూడా ఆమె నిద్రపోలేదు. పైకప్పు వంక చూస్తూ, "అబ్బాయ్, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. నా నమ్మకం సరిపోద్దంటావా?" అంది.

ఏం అడుగుతోందో నాకు వెంటనే తెలియలేదు. మంచినీళ్లు కావాలా అన్నాను.

"మొన్న నొప్పి ఆగనప్పుడు ఆయన్ని తిట్టుకున్నా. ఎందుకు పుట్టించావన్నా. ఆయన అసలు ఉన్నాడా అని కూడా అనిపించింది. నువ్వే చెప్పావుగా, అనుమానం ఉన్నోళ్లకి ఏమీ దొరకదని. అది లెక్కలోకి వచ్చిద్దా?"

నేను అప్పుడు కూడా బోధకుడిలాగే మాట్లాడాను. అలా అనుకోకూడదు అత్తా, గట్టిగా నమ్ము, సందేహం రానివ్వకు అన్నాను. ఆమె సరేనని తలూపింది. కళ్లు గట్టిగా మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. పక్కన కూర్చొని చూస్తుంటే నాకు అర్థమైంది, ఆమె ప్రార్థన చేయడం లేదు, ప్రయత్నం చేస్తోంది. లేవలేని ఒంటితో, నేను పెట్టిన పరీక్షలో నెగ్గడానికి కష్టపడుతోంది. నొసట చెమట పట్టింది. నేను తుడిచాను. తుడుస్తుంటే నా చెయ్యి వణికింది.

ఎందుకంటే ఆ ప్రశ్న నాకు బాగా తెలిసినదే. నేను సండే స్కూలు పిల్లలకు ఎన్నోసార్లు చెప్పిన ప్రశ్న. లూథర్ 1505లో ఎర్‌ఫర్ట్ మఠంలో చేరాక, ఉపవాసాలుండి, జాగరణలు చేసి, గంటలకొద్దీ పాపాలు ఒప్పుకొని, అయినా చేసింది సరిపోయిందా అని కుమిలిపోయాడు. సరిపోయిందా అన్న ఆ ప్రశ్న నుంచి ఆయన బయటపడటమే మా సంఘం పుట్టుక. నేను లూథర్ పేరు పెట్టుకొని ఆ ప్రశ్ననే తెచ్చి మా అత్తయ్య మంచం పక్కన పెట్టాను. ఉపవాసాలు అన్నచోట విశ్వాసం అన్న మాట పెట్టానంతే. క్రియలతో కొనలేనిదాన్ని విశ్వాసంతో కొనాలని చెప్పాను. విశ్వాసాన్నే ఒక క్రియగా, అందులోనూ అన్నిటికంటే బరువైన క్రియగా చేశాను. బియ్యమైతే ఆమె దగ్గర ఉంది, తీసి ఇవ్వగలదు. సందేహం లేని మనసు, అంత నొప్పిలో, ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఇంకా బాధ కలిగించింది మరొకటి. లూథర్ 1529లో రాసిన చిన్న కాటెకిజం నేను కన్ఫర్మేషన్‌కి కంఠతా పట్టాను. విశ్వాస ప్రమాణంలో మూడో భాగానికి ఆయన రాసిన వివరణ ఏమంటుందంటే, నా బుద్ధితోగాని శక్తితోగాని నేను క్రీస్తును నమ్మలేను, పరిశుద్ధాత్మే సువార్త ద్వారా నన్ను పిలిచి నమ్మకంలో నిలుపుతాడు అని. నమ్మకం కూడా నాది కాదన్నమాట. పన్నెండేళ్లప్పుడు గడగడా అప్పజెప్పి మెప్పు పొందిన పాఠం అది. అందులో ఉన్న అభయం ఆ రాత్రి దాకా నాకు కనబడలేదు.

తెల్లవారగానే అయ్యగారి ఇంటికి వెళ్లాను. ఆయన రిటైరైన పెద్ద పాస్టరు. జరిగిందంతా చెప్పాను. ఆయన నన్ను కోప్పడలేదు. ప్రభువు బల్ల సామాను సంచిలో సర్దుకొని నా స్కూటరెక్కారు. అత్తయ్య పక్కన కూర్చొని, నమ్ముతున్నావా అని అడగలేదు. మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయం తీశారు. దయ్యం పట్టిన కొడుకుని యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి కథ. ఆ తండ్రి, నమ్ముతున్నాను, నాలోని అపనమ్మకానికి సాయం చెయ్యమని ఒకే ఊపిరిలో రెండూ చెప్పుకుంటాడు. యేసు అతని నమ్మకాన్ని తూకం వెయ్యలేదు, ముందు పిల్లవాణ్ణి బాగుచేశాడు. అయ్యగారు అంతవరకు చదివి, "అమ్మా, తిట్టుకున్నానన్నావంట. ఎవర్ని తిట్టుకున్నావు?" అన్నారు. "ఆయన్నే," అంది. "ఉన్నాడనేగా తిట్టావు," అన్నారు. అత్తయ్య చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆయన రొట్టె ముక్క ద్రాక్షరసంలో ముంచి ఆమె నాలుక మీద పెట్టారు.

బయట అరుగు మీద నన్ను కూర్చోబెట్టి, "తెలుగు మాస్టారివి, మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం పిల్లలకు చెప్పే ఉంటావుగా?" అన్నారు. చెప్పాను. రామానుజుల తర్వాత శ్రీవైష్ణవులు వడగలై, తెంగలై అని చీలిన చోట ఈ మాట వస్తుంది. కోతిపిల్ల తల్లి పొట్టను తనే గట్టిగా కరుచుకోవాలి, పట్టు జారితే పడిపోతుంది. పిల్లికూనకి ఆ బాధ లేదు, తల్లే నోట కరుచుకొని పోతుంది. భక్తుడు పట్టుకోవాలన్నారు వడగలైవారు, భగవంతుడే పట్టుకుంటాడన్నారు తెంగలైవారు. "మీ అత్తయ్యని ఇన్నాళ్లూ కోతిపిల్లని చేశావు నాయనా, చేతుల్లో సత్తువ లేనప్పుడు," అన్నారు అయ్యగారు. క్రైస్తవ బోధకుడు వైష్ణవుల ఉపమానం చెప్పడమేమిటని కొందరికి అనిపించవచ్చు. నాకు అర్థమయ్యే భాషలో ఆయన చెప్పారు. అది నాకు చాలు.

అత్తయ్య ఆ తర్వాత మూడు వారాలు బతికింది. నొప్పి తగ్గలేదు. భయం తగ్గింది. నేను ఆమె దగ్గర తప్పు ఒప్పుకున్నాను. "నువ్వు చదివిందేదో చెప్పావులే," అని తేల్చేసింది. రిక్షా అతని పిల్లలు రోజూ సాయంత్రం వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చొని పోయేవాళ్లు.

నా వరకు, పాఠాలన్నీ మొదటినుంచీ చదువుకోవలసి వచ్చింది. లూథర్ రోమా పత్రికకు రాసిన ముందుమాట అప్పుడే పూర్తిగా చదివాను. అదీ 1522 లోదే. యాకోబును గడ్డి అన్న కాలంలోనే ఆయన, నిజమైన విశ్వాసం ఊరికే కూర్చోదనీ, మంచి పనులు చెయ్యాలా అని అడగదనీ, అడిగేలోపే చేసేసి ఉంటుందనీ రాశాడు. నేను లూథర్ సాక్ష్యంతో ఎవరినైతే దిద్దబోయానో, లూథర్ వర్ణించింది సరిగ్గా ఆమెనే. మత్తయి ఇరవై అయిదో అధ్యాయంలో కుడివైపు నిలబడ్డవాళ్లు, ప్రభువా, నీకు మేమెప్పుడు అన్నం పెట్టామని ఆశ్చర్యపోతారు. వాళ్ల దగ్గర లెక్క లేదు. యాకోబు కూడా లెక్క రాసుకోమనలేదు. బట్టా తిండీ లేనివాడితో, సుఖంగా వెళ్లు, చలి కాచుకో అని మాట మాత్రం చెప్పి పంపేసే విశ్వాసం గురించి ఆయన కోపం. పౌలు, యాకోబు ఇద్దరూ ఆదికాండం పదిహేనో అధ్యాయంలో అబ్రాహాము నమ్మిన వచనాన్నే ఎత్తి చూపుతారు. దేవుడు చేర్చుకోవడానికి ముందు ఏం తెచ్చావని అడిగేవాడికి పౌలు జవాబు, చేర్చుకున్నాక బతుకు ఎలా ఉందని అడిగేవాడికి యాకోబు జవాబు. నాకు తోచినంతలో ఇంతే. ఇద్దరినీ కొట్లాటకు దింపింది నాలాంటి వాళ్లే.

ఒంగోలు క్లౌ దొర కథ కూడా నాకు అప్పుడే తిరగబడింది. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876 నుంచి 1878 దాకా సాగిన కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇచ్చారు. కరువున్నంత కాలం, బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లను ఆగమన్నారు, అన్నం కోసం రాకూడదని. పని ఆగి సాయం ముగిసిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ కథని నేను కూడికల్లో, చూశారా, అన్నం వేరు, విశ్వాసం వేరు అని చెప్పడానికి వాడేవాణ్ణి. ఇప్పుడు అందులో నేను వదిలేసిన సగం కనబడుతుంది. పార పట్టుకున్నవాణ్ణి నువ్వు నమ్ముతావా అని అడిగి కూలి ఇవ్వలేదు. నదిలో దిగినవాణ్ణి నువ్వెంత తవ్వావని అడిగి బాప్తిస్మం ఇవ్వలేదు. దేనికి దేన్నీ ధరగా పెట్టలేదు. పస్తులున్న మాదిగ పల్లెల వాళ్లే అందులో ఎక్కువమంది. చేతిలో చూపించడానికి ఏమీ లేని మనుషులకు ఈ కృప అన్న మాట ఎంత పెద్ద మాటో, జీతం రాళ్లు వచ్చే నాలాంటివాడికి తెలియడానికి చాలాకాలం పట్టింది.

ఇప్పటికీ కూడికలు జరుపుతూనే ఉన్నాను. చెయ్యెత్తమని అడగడం మానేశాను. కుర్రాళ్లు ఎవరో ఒకరు, అయితే ఏమీ చెయ్యక్కర్లేదా అంకుల్ అని అడుగుతారు. పదో వచనం వాళ్ల చేతే చదివిస్తాను. అయినా మనసు పూర్తిగా మారిందని చెప్పలేను. ప్రసంగం బాగా కుదిరిన రోజు ఇంటికొచ్చి, ఇవాళ ఎంతమంది కదిలిపోయారో అని లెక్క వేసుకుంటున్నాను. ఒకరికి డబ్బు సాయం చేస్తే ఆ సంగతి నోటి చివరి దాకా వస్తుంది. అతిశయం క్రియల్లో దాక్కోగలదు, విశ్వాసంలో దాక్కోగలదు, తప్పు దిద్దుకున్నానన్న తృప్తిలో కూడా దాక్కోగలదు.

లెక్కల మాస్టారు అత్తయ్య జబ్బులో ఉన్నప్పుడు రెండుసార్లు వచ్చి చూశారు. సమాధి దగ్గరా నిలబడ్డారు. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక సంఘం కలిసి నీతిమంతులుగా తీర్చబడటం మీద ఉమ్మడి ప్రకటనకు సంతకాలు చేశాయి. మన పుణ్యం వల్ల కాకుండా కృప వల్లనే దేవుడు మనల్ని చేర్చుకుంటాడనీ, మంచి పనులకు ఆత్మే మనల్ని సిద్ధం చేసి పిలుస్తాడనీ అందులో ఇద్దరూ ఒప్పుకున్నారు. మాస్టారు దాని సంగతి పత్రికలో చూసి, కాయితం కత్తిరించి స్టాఫ్ రూముకి తెచ్చారు. మీరు ముందే చెప్పారు, నేనే వినలేదు అన్నాను. తర్వాత 2006లో మెథడిస్టులూ, 2017లో సంస్కరణ సంఘాలవాళ్లూ దానితో చేరారు. ఒప్పుకోని లూథరన్ సంఘాలూ ఉన్నాయి, మిస్సోరి సినడ్ లాంటివి. వాళ్ల అభ్యంతరాలు కొట్టిపారేసేవి కావు. ఆ కాయితంతో అన్నీ తీరిపోలేదు.

మా ఇద్దరికీ తీరలేదు. ఏటా నవంబర్ 2న సకల ఆత్మల దినం నాడు మాస్టారు అత్తయ్య పేరున ఫిరంగిపురంలో పూజ చెప్పిస్తారు. చనిపోయినవాళ్లు శుద్ధి పొందే ఉత్తరించు స్థలం అన్నది లేదని నా నమ్మకం. ఉందని ఆయన నమ్మకం. ఆ పూజకు నేనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటాను. అయ్యాక టీ తాగుతూ, ప్రభువు చేతుల్లోకి ఎప్పుడో వెళ్లిపోయిన మనిషికి మన ప్రార్థన ఎందుకండీ అని నేను మొదలుపెడతాను. ప్రేమించిన మనిషి పేరు దేవుడి దగ్గర ఎత్తడానికి ఎందుకు అన్నది కూడా కావాలా అని ఆయన. గుంటూరు బస్సు వచ్చేదాకా నడుస్తుంది. మొన్న నవంబర్లో ఆయన, చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించిన మాట ఇందులో ఉందంటూ మక్కబీయుల గ్రంథం తెచ్చి చూపించారు. దానికి జవాబు చెప్పాలంటే అది మొదటినుంచి చివరిదాకా చదవాలి. చదువుతున్నాను.